కెప్టెను దుర్బిణి

ఆ వీధి చివర ఖాళీ మేడకి మంచి పేరు లేదు. ఉన్న కాస్త పేరూ పాడుచేసింది ఒక ఇత్తడి దుర్బిణి. మొదట అది ఓ ఓడ కెప్టెనుది. ఒక రాత్రి దాంతో మేడ వైపు చూశాడు... తెల్లారగానే బ్యాండు మాస్టారి చేతిలో పెట్టి వీధే వదిలి వెళ్లిపోయాడు. ఏం చూశాడో చెప్పలేదు. తర్వాత బ్యాండు మాస్టారు చూశాడు, ఆయన దగ్గర కొన్న టైలరూ చూశాడు. వాళ్లు మాత్రం వణికిపోతూ చెప్పారు — మేడ మొత్తం తలకిందులుగా వేలాడుతోందని.

టైలరు దాన్ని కళ్లజోళ్ల దుకాణం ఆయనకి అంటగట్టాడు.

కళ్లజోళ్లాయన పడీ పడీ నవ్వాడు. "ఇలాంటి పాతకాలపు రెండద్దాల గొట్టంలో చందమామైనా తలకిందులుగానే కనబడతాడయ్యా. అది దెయ్యం కాదు, అద్దం గుణం." ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడ ఆగి, "అప్పట్లో నా అంత తెలివైనవాడు లేడు," అని తనని తానే వెక్కిరించుకుంటాడు.

అసలాయనకి ఆ మేడ కావాలి. దుకాణం ఖాళీ చెయ్యమన్నారు, ఇంకెక్కడా చోటు దొరకలేదు, శుక్రవారానికి కాపురంతో సహా అక్కడికి మారిపోవాలి. సామానంతా కట్టేశాడు. భార్య మాత్రం "నేనక్కడ అడుగు పెట్టను" అని భీష్మించుకు కూర్చుంది.

కళ్లారా చూపిస్తే అదే వింటుంది అనుకున్నాడు. ఆ రాత్రి డాబా మీద దుర్బిణి బిగించి కన్ను పెట్టాడు.

వీధి దీపం వెలుగులో మేడ... గుమ్మం పైన, కప్పు కింద. తాళం, కిటికీ, పిట్టగోడ — అన్నీ తలకిందులే. హమ్మయ్య, అనుకున్నాడు.

మేడ మీది నిలువెత్తు కిటికీలో ఎవరో ఆవిడ నిలబడి ఉంది. తల పైకి, కాళ్లు కిందికి, చక్కగా, మర్యాదగా.

"ఇలా రావే," అని పిలిచాడు. "మనకంటే ముందే పై వాటాలో ఎవరో దిగినట్టున్నారు. పెద్దావిడ, ఎంత నిటారుగా నిలబడిందో చూడు. నీకు తోడు కూడానూ."

భార్య వంగి చూసింది. చాలాసేపు చూసింది... తర్వాత గుసగుసగా అడిగింది.

"ఏమండీ... ఇందులో అన్నీ తలకిందులుగా కదా కనబడేది?"

"అవును, ఎన్నిసార్లు చెప్పాలి?"

"మరి ఇందులో ఆవిడ నిటారుగా కనబడుతోందంటే... అక్కడ నిజంగా ఎలా ఉన్నట్టు?"

ఇరవయ్యేళ్లుగా ఊరందరి చూపూ సరిచేసిన మనిషికి ఆ మాట తోచనేలేదు. మెల్లగా మళ్లీ కన్ను పెట్టాడు.

ఈసారి ఆవిడ కూడా తలకిందులుగానే ఉంది... మేడతో పాటు, పొందిగ్గా. వీళ్ల మాటలు విని సర్దుకున్నట్టు.

కట్టిన సామానంతా శుక్రవారం నాడు విప్పేశారు. ఇప్పుడు దుకాణం వాళ్ల పాత ఇంట్లో, వంటింటి పక్క గదిలోనే నడుస్తోంది. కొత్త కళ్లజోడు పెట్టి "సరిగ్గా కనబడుతోందా?" అని అడగడం మాత్రం ఆయన మానేశాడు.