చెయ్యి చాచినంత దూరం

అబద్ధం ఆడాలని ఆడలేదు, అంత అలసటలో ఏ కాలు నొప్పో ఎవరికి గుర్తుంటుంది, అనుకుంటూ రొవీనా టోస్టు మీద ఉప్పటి వెజిమైట్ పేస్టు రాసింది. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి గంట కూడా కాలేదు. మోకాళ్ళలో తడి ఇసుక పోసినట్టుంది. పోయిన శనివారం పరుగులో చివరి మలుపు దగ్గరా ఇలాగే ఉంది. నిజంగా ఉందా, లేక తనే తెచ్చిపెట్టుకుందా? ఆ ప్రశ్న తేలకముందే కూతురు బ్రైడీ వంటింట్లోకి వచ్చింది, అప్పటికే బూట్లు తొడుక్కుని.

"ఇరవై ఎనిమిది పద్నాలుగు," అంది పలకరింపుకు బదులు. "ఇవాళే ఆఖరి ఛాన్స్ అమ్మా. గురువారం నాకు పదకొండు వచ్చేస్తాయి."

పదకొండు నిండితే పిల్లలు ఒంటరిగా పరిగెత్తవచ్చు. అప్పటిదాకా, ప్రతి శనివారం సముద్రం ఒడ్డున జరిగే అయిదు కిలోమీటర్ల ఊరి పరుగులో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో పెద్దవాళ్ళొకరు ఉండి తీరాలి. ఇరవై ఎనిమిది నిమిషాల పద్నాలుగు సెకన్లు బ్రైడీ రికార్డు. పోయినేడు తండ్రి ల్యూక్ పక్కన పరిగెత్తి సాధించింది. ఆ తరువాత మూడు వారాలకు ల్యూక్ గుండె ఆగిపోయింది. పదకొండు రాకముందే ఆ రికార్డు కొడతానని బ్రైడీ తండ్రికి మాటిచ్చింది.

"ఒంట్లో ఓపిక లేదే తల్లీ. చూద్దాం."

"పోయినవారం కూడా చూద్దామనే అన్నావ్. కాలు పట్టేసిందని ఆగిపోయావ్."

"పట్టేసింది మరి."

"కుడికాలన్నావ్. కుంటింది ఎడంకాలు."

రొవీనా చేతిలో కత్తి ఆగింది. బల్ల అవతల టీ తాగుతున్న మామగారు కెల్విన్ కప్పు దించాడు.

"చెప్పెయ్యి అమ్మాయ్," అన్నాడు మెల్లగా. "లేకపోతే పిల్ల, తనే నీకు బరువనుకుంటుంది."

"నువ్వూరుకో కెల్."

"కొడుకు పోయింది నాకు కూడా. ఎంతకాలం ఊరుకోను?"

రొవీనా కుర్చీలో కూలబడింది. "ఆ రికార్డు ల్యూక్ ఉన్న రోజుది. దానికంటే మంచి టైం ఇంకోటి వస్తే... ఆ రోజు కిందకి పోతుంది, కెల్. నా వల్ల కావట్లేదు."

బ్రైడీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతులో మాత్రం కోపం తగ్గలేదు.

"ఆ రోజు నాన్న ఏమన్నాడో నీకు తెలీదుగా! ఆయాసపడుతూ, 'ఒసేయ్, ఇంకో ఆర్నెల్లలో నన్ను పెద్దమ్మల గుంపులో వదిలేసి ఉడాయిస్తావే' అన్నాడు. నవ్వుకుంటూ అన్నాడమ్మా. ఏడుస్తూ కాదు."

రొవీనా కత్తి బల్ల మీద పెట్టింది. లేచి గదిలోకి వెళ్ళి, డ్యూటీ బట్టలు మార్చుకుని వచ్చింది.

పరుగు మొదలయ్యే చోట ల్యూక్ స్నేహితుడు గారెత్ చెయ్యి ఊపాడు. అంత్యక్రియల నాటి నుంచి అతన్ని చూసినప్పుడల్లా ఆమె తల తిప్పుకునేది. ఇవాళా తిప్పుకుంది.

మూడు కిలోమీటర్లు పంతంతోనే లాగింది. నాలుగోదానికి ఎదురుగాలి, గొంతులో ఉప్పు, పక్కటెముకల కింద పోటు. ఈసారి ఏదీ నటన కాదు. రాత్రంతా ముసలివాళ్ళను ఎత్తి దించిన నడుము ఇక రానంది. చేతి గడియారంలో ఇరవై రెండు నిమిషాలు దాటాయి.

పక్కన అడుగుల చప్పుడు మారింది. బ్రైడీ అడుగులు చిన్నవి చేస్తోంది. తల్లి ముఖం చూడకుండా, తన ఊపిరిని తల్లి ఊపిరితో కలుపుకుంటోంది. పదేళ్ళ పిల్ల ముఖంలో అంత ఓర్పు రొవీనా ఎన్నడూ చూడలేదు. ఆ ఓర్పు ఆమెకు బాగా తెలుసు. ఆశ్రమంలో ఎవరూ రారని తెలిసి కిటికీ దగ్గర కూర్చునేవాళ్ళ ముఖాల్లో ఉంటుంది.

"పర్లేదులే అమ్మా," అంది బ్రైడీ.

వెనక నుంచి గారెత్ వచ్చి, తల వంచుకుని దాటబోయాడు.

"గారెత్!" రొవీనా అరిచింది. "దీని పక్కన నువ్వుండు. కొసదాకా."

అతను ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, అటు పక్కకు జరిగాడు. బ్రైడీ వెనక్కి తిరిగింది. "మరి నువ్వు?"

రొవీనా కూతురి వీపు మీద అరచెయ్యి ఆనించి, ముందుకు నెట్టింది.