గోడకు తిప్పిన బొమ్మ

కరీంనగర్‌లో మూతపడ్డ మిషన్ బడి ఒకటుంది. దాని వెనక డ్రాయింగ్ గది ముందు నుంచి పొద్దుగూకాక ఎవరూ నడవరు. అక్కడ డ్రాయింగ్ నేర్పిన ఏలియా సార్ పోయిన నాటి నుంచి లోపల చప్పుడవుతుందట... చెక్కేదో గోడకు రాసుకున్నట్టు — కర్ర్... కర్ర్... కాపలా హనుమండ్లు రెండు నెలలకే పని మానేశాడు. నేను చూడలేదు, విన్నదే చెబుతున్నా.

ఆ గదిలోనే తన బొమ్మల ప్రదర్శన పెట్టాలని స్తుతి పట్టుబట్టింది. ప్రేమతో కాదు, కసితో.

ఏలియా సార్ దగ్గర ఆమె ఎనిమిదేళ్లు నేర్చుకుంది. మనిషీ చెట్టూ ఏదీ కనపడని బొమ్మలు — ఉత్త రంగులు, గీతలు. ఆ విద్య ఆయన నేర్పిందే. మామూలుగా వేసినవాటిని సార్ ఏమీ అనేవారు కాదు. ప్రాణం పెట్టి వేసినదాన్ని మాత్రం కాసేపు చూసి, నోరు మెదపకుండా గోడవైపు తిప్పేసి వెళ్లిపోయేవారు. స్తుతికి ఒళ్లు మండేది. ఆయన అటు వెళ్లగానే దానిమీద తెల్లరంగు పులిమేసేది. బాగుందన్న ఒక్క మాట కోసం చూసి చూసి అలిసిపోయింది. ఆ మాట అనకుండానే ఆయన పోయారు.

ఆయన చూడనంటే ఊరంతా చూస్తుంది, అనుకుంది.

తెల్లవారితే ప్రారంభం. పదకొండు బొమ్మలు మేకులకు తగిలించేసరికి చీకటి పడింది. చివరిది సార్‌ను తలచుకుని వేసినదే — అంతా నలుపు, మధ్యన ఒక్క ఎర్ర గీత. రంగు ఇంకా ఆరలేదు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చింది.

ఆ బొమ్మ గోడవైపు తిరిగి ఉంది.

భయం వేయలేదు. కోపం నషాళానికి అంటింది. ఎవడో ఆకతాయి పని! బొమ్మను సరిచేసి, లోపలి గడియ పెట్టి, లైటు ఆర్పి కూర్చుంది. ఊపిరి బిగబట్టి...

కర్ర్...

టార్చి వేసింది. గడియ వేసినట్టే ఉంది. గదిలో ఎవరూ లేరు. బొమ్మ మళ్లీ గోడవైపు.

"సచ్చినంక గూడ గదేనా సార్?" కోపంతో చీకట్లోకి అరిచింది. "నా బొమ్మ జర చూడరాదా? ఏం పాపం చేసిన?"

తలుపు మీద ఎవరో మెల్లగా కొట్టారు. తీస్తే, సార్ భార్య మగ్దలేనమ్మ. చేతిలో టిఫిన్ డబ్బా.

"తిన్నవో లేదో అని తెచ్చిన బిడ్డా..." అంటూ గోడవైపు చూసి ఆగిపోయింది. "గిది మీ సార్ తిప్పినట్టే ఉన్నది."

"నచ్చకపోతే నోటితోని చెప్పాలె గదమ్మా."

"నచ్చకపోవుడేంది?" మగ్దలేనమ్మ గుసగుసగా అంది. "మన దిక్కు గ్రానైటు క్వారీల దుమ్ము ఎట్లుంటదో ఎరుక లేదా? పచ్చి రంగుకు అంటితే పోదు. మంచిగొచ్చినయే గోడకు తిప్పి కాపాడుతుండె. మెచ్చుకునుడు ఆయనకు రాదు బిడ్డా. ఒక్కనాడన్న నాతోని కూర మంచిగైందనలే."

ఎనిమిదేళ్లు... ఆయన దాచిన ప్రతి బొమ్మనూ స్తుతి తన చేత్తోనే చెరిపేసింది. ఏడుపు రాలేదు. తన మీదా, ఆ మూగ మనిషి మీదా కోపం పొంగుకొచ్చింది. టార్చి గోడ పొడవునా తిప్పింది. పది బొమ్మలు ఎదురుగా చూస్తున్నాయి. తిరిగింది ఒక్కటే.

"మరి గీ పదింటికి ఏమైంది సార్, మంచిగ రాలేదా?" అని చీకట్లోకి అడిగింది.

మగ్దలేనమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తర్వాత... కిటికీ పక్కనున్న మూడో బొమ్మ దగ్గర —

కర్ర్...