ముఖ్య అతిథి కుర్చీ

"రిహార్సల్ అంటే ఊకె ఊహించుకునుడు కాదు లోహిత్. అసలు ఫంక్షన్ ఎట్లుంటదో గట్లనే చెయ్యాలె!"

దీవెన ఈ మాట అన్నది ఒక్కసారే. లోహిత్ దాన్ని వేదవాక్కుగా తీసుకున్నాడు. కొంప ముంచింది అదే.

అతను తణుకు కుర్రాడు. ఈవెంట్ మేనేజ్‌మెంట్ అనే కొత్త వ్యాపారంలో ట్రైనీ. పని నేర్పే సీనియర్ దీవెన. "అంటే ఏవిట్రా, షామియానాలు వేయడమా?" అని తండ్రి చలపతిరావు ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రారంభోత్సవం సవ్యంగా జరిపిస్తే లోహిత్ ఉద్యోగం ఖాయం. చెడితే తణుకులో తండ్రి ఎరువుల కొట్టు. కొట్టంటే అతనికి భయం లేదు. అక్కడ దీవెన ఉండదు, అదీ బాధ.

ఆ ఉదయం ఆమె అతని చేతిలో కొత్త ఎర్ర టై పెట్టింది. "కట్టుకో. జర మేనేజర్ లెక్క కనపడు."

ఇక లోహిత్ కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ ఊపులోనే రిహార్సల్ మొదలుపెట్టాడు. కుర్చీలు అద్దెకు తెచ్చిన టెంట్ హౌస్ కొమురయ్యను ముఖ్య అతిథి కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో అసలు దండే వేశాడు. తలుపు దగ్గరికి తీసుకెళ్లి చేతికి అసలు కత్తెరే ఇచ్చాడు.

"నిజంగ కట్ చెయ్యాల్నా సారూ?"

"చెయ్యండి! అసలుదానిలాగే!"

కొమురయ్య రిబ్బన్ కత్తిరించాడు. వెనక చప్పట్లు మోగాయి!

దారి దొరకదేమోనని అతిథులంతా పెందలాడే బయల్దేరారు. అప్పటి మాదాపూర్ బండరాళ్ల మధ్య ఉన్నది ఒకటే రోడ్డు కనుక పెందలాడే వచ్చేశారు. వాళ్లలో ఒకాయన కొమురయ్యకు భక్తిగా మైకు అందించాడు.

"కుర్చీలు జర పైలం," అన్నాడు కొమురయ్య గంభీరంగా. "ఎవ్వలు కూసున్నరన్నది కాదు. ఆయన లేసినంక కుర్చీ ఉండాలె."

"వాట్ ఎ విజన్!" అని ముందు వరుసలో ఎవరో కళ్లు తుడుచుకున్నారు.

అంతలో అసలు ముఖ్య అతిథి కారు గుట్ట మలుపు తిరిగింది. దీవెన పరుగెత్తుకొచ్చింది.

"రిబ్బన్ ఏది?"

"రిహార్సల్‌లో అయిపోయిందండి."

"ఇంకోటి?"

"ఒకటే తెచ్చానండి."

ఆమె చూపు టై మీద పడింది. "గదే! ఎర్రగున్నది. తియ్యి."

లోహిత్ రెండు చేతులతో టై పట్టుకున్నాడు. "ఇది ఇవ్వనండి."

"నౌకరీ పోతది!"

"పోనివ్వండి. వెళ్లి ఎరువులు అమ్ముకుంటాను. ఇది మీరిచ్చారండి. దీన్ని కత్తిరించనివ్వను."

దీవెన టై వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. గబగబా తన ఎర్ర చున్నీ తీసి తలుపుకు అడ్డంగా కట్టింది. లోహిత్ తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు.

ముఖ్య అతిథి చున్నీ కత్తిరించాడు. చప్పట్లు ఇంకా జోరుగా మోగాయి. రెండుసార్లు ఎందుకని ఒకాయన అడిగితే, "మొదటిది హార్డ్‌వేర్‌కు, ఇది సాఫ్ట్‌వేర్‌కు," అని పక్కాయన వివరించాడు. కంపెనీ యజమాని సోమేశ్వరరావు ఈ పద్ధతి ఎంతో బాగుందని మెచ్చుకుని, లోహిత్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఉద్యోగం నిలిచింది.

సాయంత్రం హాలు ఖాళీ అయింది. బయట చినుకులు మొదలయ్యాయి.

"నా చున్నీ పాయె," అంది దీవెన.

"కొనిపెడతానండి."

"ఒక్కటేనా?"

"బతికున్నంత కాలం కొనిపెడతాను. మీరంటే నాకు ప్రాణమండి."

దీవెన నవ్వు దాచుకోలేకపోయింది. "గట్లయితే మా డాడీని అడుగు."

లోహిత్ హాలంతా ఒకసారి కలయజూశాడు. "ముందొక రిహార్సల్ చేసుకోనాండీ?"

కుర్చీలు సర్దుకుంటున్న కొమురయ్యను మళ్లీ ముఖ్య అతిథి కుర్చీలో కూర్చోబెట్టారు. లోహిత్ టై సవరించుకున్నాడు.

"అంకుల్, నేను దీవెనని ప్రేమించానండి. మీరు సరేనంటే పెళ్లి చేసుకుంటాను."

"ఇచ్చిన, తీస్కపో," అన్నాడు కొమురయ్య ధారాళంగా.

వెనక ఎవరో దగ్గారు. కూతుర్ని స్కూటర్ మీద తీసుకెళ్లడానికి వచ్చిన జోసెఫ్ మాస్టారు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన కూడా పెందలాడే వచ్చేశాడు.

"నా బిడ్డను ఇచ్చెటందుకు నువ్వెవలయ్యా?"

కొమురయ్య చటుక్కున లేచాడు. జోసెఫ్ కూతురి వంక చూశాడు. దీవెన తల వంచుకుంది గానీ, భుజాల మీది కోటు మాత్రం తియ్యలేదు. దాని అంచులు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఆయన మెల్లగా వచ్చి ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నాడు.

"ఊ, ఇగ చెప్పు బాబూ. మొదటికెల్లి."