చెరపని ఫ్రేములు

"ఈ పెళ్లికూతురి ముక్కు ఎక్కడండీ?"

స్టూడియో వెనక గదిలోంచి దూసుకొచ్చిన అమ్మాయి అడిగిన మొదటి మాట అది. పలకరింపు లేదు, పరిచయం లేదు. చేతిలో ఒక ప్రింటు. అందులో సున్నం కొట్టిన గోడలాంటి మొహం, దానికి రెండు కళ్లు, ఒక నోరు.

కౌంటరు దగ్గర బ్యాగు సర్దుకుంటున్న ఫోటోగ్రాఫర్ తలెత్తాడు. "మిట్టమధ్యాహ్నపు ఎండండీ. నేనేం చేయను?"

"రా ఫైల్ తీయొచ్చుగా! కెమెరా చూసిందంతా అందులో ఉంటుంది. ఎలాగోలా లాక్కొచ్చేదాన్ని. మీరు జేపెగ్ తీశారు. కెమెరా తనకు తోచింది ఉంచుకుని మిగతాది పారేసింది. పారేసిన ముక్కును నేనెక్కడ వెతకను?"

"తీసేటప్పుడే సరిగ్గా తీసేవాడికి జేపెగ్ చాలు. రా ఫైళ్లు చేతకానివాళ్లకి."

"మీరు చేతనైనవారేగా. అందుకే ముక్కు మాయం చేశారు."

స్టూడియో యజమాని పగలబడి నవ్వాడు. ఆయన ఫోటోగ్రాఫర్‌కు మేనమామ. "కొత్త ఎడిటర్‌రా. నీకు బాగా తగిలింది," అన్నాడు.

ఆ అమ్మాయి అప్పటికే లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ గదికి కిటికీ లేదు. ఎడిటింగ్ గదులకు కిటికీలు పెట్టరు. బయటి వెలుతురు పడితే తెరమీద రంగులు తప్పుగా కనిపిస్తాయంటారు. లోపల కూర్చునే మనిషికి ఏమవుతుందో ఎవరూ అడగరు.

అతనికి రోషం వచ్చింది. తర్వాతి పెళ్లికి కెమెరాను రా ఫైల్‌కు మార్చాడు. ఆ ఫైళ్లు మెమరీ కార్డును గబగబా మింగేశాయి. పైగా ఆమె ఒక షరతు పెట్టింది: "కార్డులో ఏదీ చెరపకండి. ఏది పనికొస్తుందో నేను చూసుకుంటా."

అక్కడే దొరికిపోయాడు.

పెళ్లిలో అందరినీ ఫోటో తీసేవాడిని ఎవరూ "తిన్నావా" అని అడగరు. అందరూ లేచాక, మిగిలింది ఏదో నిలబడి తింటాడు. అప్పుడు ఎవరూ కోరని ఫోటోలు తీసేవాడు. ఖాళీ కుర్చీలు, చెప్పులు విప్పి ఒంటరిగా కునుకు తీస్తున్న ముసలాయన, వానకు వేలాడిపోయిన పూలు. కార్డు ఇచ్చేముందు వాటిని చెరిపేసేవాడు. ఈసారి చెరపలేదు. చెరపొద్దందిగా, చూసుకోనీ అనుకున్నాడు మొండిగా.

మర్నాడు ఫోన్ మోగింది.

"ఈ ఖాళీ కుర్చీలేంటండీ?"

"లైటింగ్ చూసుకోడానికి."

"అందరూ ఇళ్లకెళ్లిపోయాక లైటింగా?"

అతను ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"బాగున్నాయి," అని ఫోన్ పెట్టేసింది.

ఆమె ఖాళీ చేసి తిరిగిచ్చే కార్డులో ఈసారి ఒక ఫోటో మిగిలి ఉంది. అవే కుర్చీలు. అతను తీసినప్పుడు మూల అంతా నల్లగా ఉండింది. ఆమె ఆ చీకట్లోంచి వెలుగు లాగింది. చివరి కుర్చీ మీద ఎవరో పిల్ల మరిచిపోయిన చిన్న రెయిన్‌కోటు. తీసినవాడే చూడలేదు దాన్ని. బస్సులో కూర్చుని, కెమెరా వెనక చిన్న తెరమీద, దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా చూశాడు.

ఆ తర్వాత అదొక అలవాటైంది. ప్రతి కార్డు చివర ఆమె కోసం కొన్ని ఫోటోలు వదిలేవాడు. ఆమె అందులో ఒకదాన్ని సరిదిద్ది తిప్పి పంపేది. మాటలు మాత్రం కౌంటరు దగ్గర, వస్తూ పోతూ.

"స్టేజీ కింద పడుకున్న కుక్క లేచిందా?"

"పెళ్లికొడుకు పాట అందుకోగానే లేచిందండీ. తట్టుకోలేక వెళ్లిపోయింది."

ఒక సాయంత్రం ఇద్దరూ స్టూడియో గుమ్మంలో చిక్కుకుపోయారు. వాన. ఆమె చెయ్యి చాచి చినుకులు పట్టుకుంది.

"నిన్న కూడా వాన పడిందని మీ కార్డు చూశాకే తెలిసింది నాకు," అంది. "రోజంతా జనం మొహాలు చూస్తూ ఉంటా. నన్ను చూసేవాళ్లుండరు."

నేను చూస్తాగా అనాలి. "ఆటో పిలవనా?" అన్నాడు. పిరికివాడు.

ఇంతలో మామయ్య కొత్త పద్ధతి పెట్టాడు. "ఫంక్షన్ అయిన సాయంత్రానికే ఫోటోలు ఫోన్లో కావాలట్రా కస్టమర్లకి. ఇకమీదట అన్నీ జేపెగ్. కెమెరా రంగులే చాలు. వెనక గదిలో సామాన్లు పడేసుకుందాం."

"మరి ఆ అమ్మాయి?"

"ఇంకోచోట చూసుకుంటుంది. జేపెగ్ చాలని నువ్వేగా అన్నావ్?"

"తెలియక వాగాను మామయ్యా. తప్పు మాట అది."

"తప్పో ఒప్పో, కస్టమర్‌కి తేడా తెలీదు. పని చూసుకో."

ఆమెతో ఆయన అన్నది వేరు. "మావాడే చెప్పాడమ్మా, ఇక ఎడిటర్ అక్కర్లేదని."

ఫోటోగ్రాఫర్ వచ్చేసరికి ఆమె బ్యాగు తగిలించుకుని గుమ్మంలో ఉంది.

"మీ మాటే నెగ్గిందట. సంతోషం."

"అది కాదండీ, నేను..."

"సంతోషమన్నాగా."

వెళ్లిపోయింది. బల్లమీద వదిలిన కార్డు తెరిచి చూశాడు. ఏమీ లేదు.

కస్టమర్లకు నిజంగానే తేడా తెలియలేదు. ఆమె పని కంటికి కనిపించకపోవడమే ఆమె నేర్పు. ఆ నేర్పే ఆమె ఉద్యోగం ఊడగొట్టింది. అతను పగలంతా జేపెగ్‌లు తీశాడు, సాయంత్రానికల్లా పంపాడు, శభాష్ అనిపించుకున్నాడు. ఖాళీ కుర్చీలను మాత్రం ఇంకా రా ఫైళ్లుగానే తీసేవాడు. తను ఉండే గదిలోని పాత కంప్యూటర్ వాటిని తెరవలేకపోయేది. తెరమీద బొమ్మల బదులు బూడిదరంగు డబ్బాలు వరుసగా నిలబడేవి. వాటి ముందే కూర్చుని అన్నం తినేవాడు. ఆమె ఫోన్ ఎత్తేది కాదు.

చివరికి ప్రింట్లు వేసే ల్యాబువాడు చెప్పాడు. "ఆవిడా? బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తోంది."

ఆ పూటే వెళ్లాడు. లైన్లో నిలబడ్డాడు. తెల్లగుడ్డ, ముందు స్టూలు, ఎదురుగా కెమెరాతో ఆమె. చూసింది. చూడనట్టే, "తర్వాతెవరు?" అంది.

స్టూలు మీద కూర్చున్నాడు. కెమెరాకు ఇటువైపు కూర్చోవడం ఎంత భయమో అప్పుడు తెలిసింది.

"దేనికి ఫోటో? లైసెన్సుకా, పరీక్షకా?"

"ముందు ఒకటి చెప్పాలి."

"వెనక జనం ఉన్నారు."

"విననీండి. జేపెగ్ చాలని నేనన్నది మీ ముందే, ఆ మొదటిరోజే. మళ్లీ అనలేదు. తప్పని మామయ్యతో చెప్పా, ఆయన వినలేదు. నేనూ గట్టిగా నిలబడలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డా. మీరు వెళ్లాక నా ఫోటోలు చూసేవాళ్లు లేరు. నాతో మాట్లాడేవాళ్లూ లేరు."

లైన్లో ఉన్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఏదో ఒకటి తేల్చమ్మా. నాకు బస్సుంది."

"తల నిటారుగా పెట్టండి," అందామె. "నవ్వకూడదు."

"నవ్వట్లేదండీ."

"కళ్లు నవ్వుతున్నాయి. ఇలా ఉంటే ఆఫీసులో తిప్పి పంపిస్తారు." క్లిక్ మంది. "దేనికో చెప్పలేదు."

"మీ ఇంట్లో చూపించడానికి."

లైన్లో ఉన్నవాళ్లంతా మెడలు చాచారు. జిరాక్స్ మిషను ఒక్కటే ఆగకుండా కాగితాలు కక్కుతోంది. ఆమె కెమెరా తెరమీదికి వంగి చాలాసేపు చూసింది. అందులో ఉన్నది ఒక్క మొహమే.

"మా అమ్మ ఫోటోలు నమ్మదు," అంది చివరికి. "కూతురి పనేంటో తెలుసుగా. మనిషిని తీసుకురా అంటుంది."

"ఎప్పుడు రమ్మంటారు?"

"ముందు ఆ గడ్డం కాస్త దించు. ఇది బాగా రాలేదు, మళ్లీ తీస్తా."