పద్నాలుగో పోర్టు మీద నిఘా

నర్మద కంప్యూటరు వెనుక నెట్ కేబుల్‌ను కావాలనే పీకి, గోడ గడియారం వైపు చూసింది.

ఇబ్రహీంపట్నంలోని ఆ ప్రైవేటు దవాఖానలో ఆమెది రక్తపరీక్షల ల్యాబ్. నెట్‌వర్క్ చూసే హరీశ్ ఉండేది పై అంతస్తులో. రెండు నిమిషాలకే అతను గుమ్మంలో ఉన్నాడు.

"నేను ఫోన్ చెయ్యలే. నీకెట్ల తెలిసింది?"

"స్విచ్ చెప్పింది."

"నేనేం చూస్తున్ననో, ఎవరితోని మాట్లాడుతున్ననో అది కూడా చెప్తదా?"

దవాఖాన కంప్యూటర్లన్నిటినీ కలిపే కొత్త స్విచ్‌కు హరీశ్ మానిటరింగ్ పెట్టినప్పటి నుంచీ ఆమెకు ఇదే అనుమానం. మొన్న అతని ఫోన్‌కు వచ్చిన ఓ మెసేజ్‌లో తన పేరు కనిపించింది.

"పైకి రా, చూపిస్త" అన్నాడు హరీశ్.

స్క్రీన్ మీద ఇరవై నాలుగు వరుసలు, స్విచ్‌లో కేబుల్ గుచ్చే ఒక్కో పోర్టుకు ఒకటి. "పద్నాలుగోది నీది. కేబుల్ ఉందా, డేటా ఎంత పోతుంది, గంతే తెలుస్తది. నువ్వు చూసేది కనబడదు."

నర్మద నమ్మలేదు. వరుసలన్నీ చదివింది. కేబుల్ ఊడితే హరీశ్ ఫోన్‌కు అలర్ట్ వెళ్లేది ఒక్క పద్నాలుగుకే.

"ఐసీయూకు లేదు. నాదానికే ఎందుకు?"

హరీశ్ మౌస్ వదిలేసి ఆమె వైపు తిరిగాడు.

"పోయిన నెల రిపోర్టు లేటైందని పెద్ద డాక్టర్ సార్ అందరి ముందట నిన్ను తిట్టిండు కదా. తప్పు నీది కాదు. నీ పోర్టు సెట్టింగ్ నేనే తప్పు పెట్టిన, గందుకే రిపోర్టు ఆగింది. నౌకరీ పోతదని నోరు మూసుకున్న. మళ్ల నీకు మాట రావద్దని ఇది పెట్టిన."

నెల రోజులుగా ప్రతి రిపోర్టూ మూడుసార్లు చూసుకుంటోంది నర్మద, తన మీద తనకే నమ్మకం లేక.

"గంతేనా?"

"గంతే కాదు. నువ్వంటే నాకిష్టం."

"ఇష్టమైనోళ్లను తిట్లు తిననిస్తరా?"

హరీశ్ తిన్నగా పెద్ద డాక్టర్ గదిలోకి వెళ్లాడు. అద్దం తలుపు అవతల డాక్టర్ కోపంగా చేతులు ఊపుతున్నాడు. హరీశ్ తల దించుకుని నిలబడ్డాడు.

నర్మద కిందికి దిగిన పది నిమిషాలకు డాక్టరే ల్యాబ్‌కు వచ్చాడు. "నర్మదా, ఆనాడు నీ తప్పేం లేదంట. నేనే తొందరపడ్డ" అన్నాడు, నర్సులందరూ వింటుండగా.

ఆయన వెళ్లాక హరీశ్ వచ్చాడు.

"నౌకరీ ఉందా?" అంది నర్మద.

"ఇంకో తప్పు చేస్తే ఉండదన్నడు."

"ముందుగాల ఐసీయూకు అలర్ట్ పెట్టు."

"పెడ్త. నీది తీసెయ్యాల్నా?"

"ఉండనియ్. కానీ నా సంగతి స్విచ్‌ను అడుగకు. నన్నే అడుగు."

హరీశ్ జంకుతూ ఆమె ముఖంలోకి చూశాడు. "ఎట్లున్నవ్?"

"ఆకలైతుంది" అంది నర్మద, చున్నీ సర్దుకుని క్యాంటీన్ వైపు నడుస్తూ. "నువ్వు తిన్నవా?"