పెళ్లికొడుకు లాగాఫ్ అయ్యాడు

సిడ్నీలోని చైనా విద్యార్థులు నడుపుకునే ఇంటర్నెట్ బోర్డులో ఇద్దరు తెలుగువాళ్లు చైనీస్ భాషలో పోట్లాడుకోవడం, రెండువేల సంవత్సరం దాకా ఎవరూ ఎరగనిది.

యూనివర్సిటీలో చైనీస్ చదువుతున్న నిదా, అక్కడి వంటల విభాగంలో 'మిరపమొగ్గ' అనే మారుపేరుతో బొరుగులతో చేసే తమ కర్నూలు ఉగ్గాని గురించి కష్టపడి నాలుగు వాక్యాలు రాసింది. 'ఎండిన బావి' అనే మరెవరో కింద జవాబు రాశారు: "నానబెట్టిన బొరుగులు జ్వరం వచ్చినవాళ్లకు పెడతారు."

ఇంత పొగరు తెలుగువాడికి తప్ప ఉండదని ఆమె గ్రహించింది.

"ఏ ఊరు మీది?"

"ఒంగోలు. పేరు వాహెద్. కంప్యూటర్లకు వస్తుందన్న వై టూ కే ప్రళయం ఆపడానికి సిడ్నీ వచ్చాను. అది రాలేదు. తీరిక దొరికింది గనక, ఆఫీసులోని చైనా మిత్రుల భాష నేర్చుకుంటున్నాను."

ఊసుపోక రాసే కబుర్లను ఆ బోర్డులో 'నీళ్లు పోయడం' అంటారు. ఏమీ రాయకుండా చదివిపోయేవాళ్లు 'మునిగినవాళ్లు'. ఈ జగడం చూడడానికి మునిగినవాళ్లు సైతం పైకి తేలారు. చలికాలం ముగిసేలోగా జగడం మరేదో అయింది. సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో నిదా తండ్రి ఖలీద్ నడిపే కిరాణా దుకాణానికి వాహెద్ తరచు వచ్చేవాడు. బోర్డులో అంత చనువుగా వాదించుకునే ఇద్దరూ, ఎదురుపడితే 'మీరు' దాటి ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

నిదా క్లాస్‌మేటూ, బోర్డు నిర్వాహకురాలూ అయిన లిన్ మెయ్ ఒకనాడు ప్రకటించింది: "ఈ శనివారం సాయంత్రం, మిరపమొగ్గకూ ఎండిన బావికీ బోర్డు మీద పెళ్లి." ఇలాంటి ఉత్తుత్తి పెళ్లిళ్లు అక్కడ వాడుకే.

శనివారం వాన. దుకాణం వెనక గదిలో నిదా కంప్యూటర్ ముందు కూర్చుంది. చుక్కలతో, గీతలతో అల్లిన పూలు తెర నిండా రాలుతున్నాయి. ముఖాలెరగని అతిథులు దీవిస్తున్నారు.

"వధువుకు సమ్మతమేనా?" అని లిన్ మెయ్ రాసింది.

నిదా వేళ్లు చాలాసేపు కదలలేదు. తర్వాత రాసింది: "సమ్మతమే."

"వరుడికి?"

హాజరున్నవాళ్ల వరుసలోంచి ఎండిన బావి పేరు మాయమైంది.

"పెళ్లికొడుకు పారిపోయాడు," అని ఎవరో రాశారు. ఆ కింద అందరూ నవ్వారు. నిదా మోడెమ్ తీగ పీకేసింది.

దుకాణం మూసే వేళకు వాహెద్ తడిసి ముద్దయి వచ్చాడు.

"బొరుగులు అయిపోయాయి," అంది నిదా.

"బొరుగుల కోసం రాలేదు."

"పారిపోయేవాళ్లు ఎయిర్‌పోర్టు వైపు వెళ్లాలి. ఇటు వచ్చేది వెస్టర్న్ లైన్ రైలు."

"నిదా గారూ, ఒక్క మాట వినండి. నిఖా విషయంలో వేళాకోళానికి అన్నా నిజంగా అన్నట్టేనని మా నానా, అమ్మగారి నాన్న, చెప్పేవారు. మారుపేర్లకు అది వర్తిస్తుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ మాట మీతో నిజంగానే అనాలని ఉంది. అందుకే నవ్వులాటలో అనలేకపోయాను."

"నేను నవ్వులాటకు అన్నాననుకున్నారా?"

అతను తల దించుకున్నాడు. "అవును."

"ఎంతసేపు ఆగి రాశానో మీకెలా కనిపిస్తుంది? అక్కడ అక్షరాలే గానీ మనుషులు కనబడరుగా." ఆమె తలుపు మూయబోయి ఆగింది. "నాకది ఆట కాదు. మీరు వెళ్లిపోయాక అందరూ నవ్వుతుంటే, నా ఒక్కదాని మాటే అక్కడ మిగిలిపోయింది."

కౌంటర్ దగ్గర పప్పు సంచి కడుతున్న ఖలీద్ చేయి ఆగింది. "ఏంది నిదా, ఈయప్ప ఎందుకు తడిసి నిలబడినాడు?"

వాహెద్ ముందుకు వచ్చాడు. "అంకుల్, మీ అమ్మాయిని నిఖా చేసుకోవాలని అడగడానికి వచ్చాను. మీరు సరేనంటే ఒంగోలు నుంచి మా అమ్మానాన్నలు ఫోన్ చేస్తారు."

ఖలీద్ అతణ్ని ఎగాదిగా చూశాడు. "సాయంత్రం నా బిడ్డ ఏడ్చింది నీ వల్లనేనా?"

"నా వల్లనే."

"అబద్ధమాడలేదు, సంతోషం. ఫోన్ చేయించు, పెద్దలం మాట్లాడుకుంటాం. అంతకంటే ముందు ఇంకొకటి ఉండాది." ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఆడపిల్ల మౌనమే ఒప్పుకోలంటారమ్మా మనవాళ్లు. నాకది చాలదు. నోటితో చెప్పు."

రేకు కప్పు మీద వాన హోరెత్తింది. నిదా గొంతు పెంచాల్సి వచ్చింది.

"సమ్మతమే, అబ్బాజాన్."

ఈసారి వాహెద్ నిలబడిన చోటినుంచి కదలలేదు.