ఎర్రవంక మోరీ కాడ ఎక్కిన మనిషి

ఎర్రవంకలో నీళ్లు పారగా చూసినవాళ్లు మా పక్క తక్కువ. అక్కడ దయ్యాన్ని చూసినామనేవాళ్లు మాత్రం ఏ ఊరికి పోయినా దొరుకుతారు.

ముదిగుబ్బ దాటి, పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగితే, శనక్కాయల చేల మధ్యలో ఆ వంక మీద ఒక మోరీ, అంటే చిన్న వంతెన, వస్తుంది. మోరీ ఎక్కేచోట రోడ్డు గుంత పడి ఉంటుంది. చాలా ఏళ్ల కిందట ఒక పెండ్లి కారు అక్కడ బోల్తా కొట్టింది. దయ్యం తోసిందన్నారు. తోలినవాడు తాగి ఉన్నాడన్న సంగతి ఎవరూ చెప్పుకోరు — మనుషుల తప్పులు మోయడానికి దయ్యాలు ఉండనే ఉన్నాయి కదా.

అప్పటినుంచి ఆ చోటుకు పేరు చెడింది. ఆ కారులో ప్రాణం పోయినవాళ్లలో ఒకరికి ఇల్లు చేరాలన్న ఆశ తీరలేదట. చీకటి పడినాక ఒంటరిగా వచ్చే బండిలో, తోలేవాడి పక్కన ఎక్కి కూర్చుంటుందట. కనపడదు... మాట్లాడదు... పసిబిడ్డ ఉన్న ఇంటి ముందరే దిగుతుందట.

ఇదంతా నేను నమ్మను. నరసింహులు నమ్ముతాడు. ఆయన భార్య పుష్పావతి చెప్పగా విన్నది విన్నట్టు రాస్తున్నాను.

నరసింహులుది వంకకు అవతలి ఊరు. సేద్యం ఉంది, గొర్రెల మంద ఉంది, పోయిన ఏడు కొన్న పాత కారు ఉంది. మనిషి మంచివాడే. బీడీ ముట్టడు. సారా ముట్టడు. కారులో బెల్టు కూడా ముట్టడు.

దానికి ఆయన దగ్గర ఒక కారణం ఉంది. మా పక్క చాలా ఇండ్లల్లో పోయినవాళ్లను పడుకోబెట్టి తీసుకుపోరు. కూర్చోబెట్టి, పక్కకు ఒరగకుండా ఎదకు అడ్డంగా గుడ్డ కట్టి, పూలు వేసి కాటికి తీసుకుపోతారు. బతికుండగా అట్లా కట్టించుకుంటే కీడని నరసింహులు పట్టు.

"నన్ను కట్టేది ఒకేతూరి. ఆ పొద్దు నేనెట్లా వద్దనలేను," అనేవాడు.

కారు ఊరుకుంటుందా? ఏ సీటు మీద బరువు పడినా, బెల్టు పెట్టకపోతే టింగ్ టింగ్ అని మొత్తుకునేది. దాని నోరు మూయించడానికి అనంతపురం పోయి, కార్ల సామాన్లు అమ్మే అంగట్లో రెండు దొంగ క్లిప్పులు తెచ్చినాడు. బెల్టు కొసన ఉండే నాలుకలాంటి ఇనుపముక్కలవి. బెల్టు దూర్చేచోట వాటిని దూర్చితే, మనిషి బెల్టు పెట్టుకున్నాడని కారు నమ్ముతుంది. తన సీటుకొకటి, పక్క సీటుకొకటి పెట్టినాడు.

పుష్పావతి ఆ పొద్దంతా గొణిగింది. కారును మోసం చేయొచ్చు, పోలీసోళ్లను మోసం చేయొచ్చు, ఎదురుగా వచ్చే లారీని ఎట్లా మోసం చేస్తావని అడిగింది. ఆయన వినలేదు. మంచి మాట ఇంట్లోనుంచి వస్తే చెవికి ఎక్కకపోవడం మగవాళ్లకు పాత జబ్బు.

మొన్న చలికాలంలో వాళ్ల కూతురు రేఖ పుట్టింటికి వచ్చి బిడ్డను కనింది. బిడ్డను తొట్టెలలో వేసే రోజు దగ్గర పడింది. గోరంట్లలో ఉన్న తన చెల్లెలు బయమ్మ ఇంట్లో కొయ్య తొట్టెల ఉంటే, తేవడానికి నరసింహులు ఒక్కడే పోయినాడు. తొట్టెలను విప్పి డిక్కీలో సర్దినారు. బాలింతకు జావ కాచమని బయమ్మ ఒక రాగుల మూట మోసుకొచ్చి, ముందు సీట్లో మనిషిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది. పొద్దుండగానే మోరీ దాటమని మరీమరీ చెప్పింది. చెప్తూనే ఇంకో ముద్ద వడ్డించింది. ఇంక పొద్దు ఎక్కడ ఉంటుంది?

ముదిగుబ్బ దాటేసరికే చీకటి. చేలల్లో కాయ పీకేసినారు, మనిషి అలికిడి లేదు. దూరంగా కొండ మీద గాలిమరల ఎర్ర దీపాలు వెలుగుతూ... ఆరుతూ...

నరసింహులుకు ఒకటే ధైర్యం. పక్క సీట్లో మూట ఉంది. చోటు లేని బండిలో దయ్యం ఎక్కడ కూర్చుంటుంది?

మోరీ వచ్చింది. చక్రం గుంతలో దడాలున పడి లేచింది.

టింగ్.

టింగ్... టింగ్...

ఎదురుగా ఎర్ర దీపం వెలిగింది — సీట్లో కూర్చున్న మనిషి బొమ్మ.

తన పక్క క్లిప్పు తడుముకున్నాడు. ఉంది. అంటే మొత్తుకునేది తన గురించి కాదు. పక్కన ఎవరో ఉన్నారు. మూట మీదనే ఎక్కి కూర్చున్నారు.

మెడ తిప్పలేదు. రోడ్డు వైపే చూస్తూ, గొంతు తగ్గించి బతిమాలినాడు.

"ఎవురో యేమో... నీ కాల్లు మొక్కుతా, ఈడ దిగిపో. మా ఇంట్లో పసిబిడ్డ ఉండాది."

టింగ్... టింగ్...

దిగలేదు. ఊరు దగ్గర పడుతూ ఉంది. ఇల్లు చేరితే ఇది బిడ్డ ముందరే దిగుతుంది. అప్పుడు ఆయనకు ఒక ఉపాయం తోచింది. పోయినవాళ్లను కట్టేది ఎందుకు? కదలకుండా ఉండడానికి. కట్టినది లేవదు.

బండి నిలిపినాడు. కండ్లు గట్టిగా మూసుకుని, చేయి చాచి అవతలి బెల్టు లాగినాడు. చేతికి తగిలింది... చల్లగా... బరువుగా... బొజ్జలాగా. బెల్టు దూర్చేచోట తడిమితే క్లిప్పు లేదు. దాన్ని కూడా పీకేసింది. దేవుణ్ని తలుచుకుని బెల్టు దూర్చినాడు.

టక్.

చప్పుడు ఆగిపోయింది.

దయ్యాన్ని కట్టేసిన మగవాడు ఈ మండలంలో తానొక్కడే అనుకున్నాడేమో, బండి వేగం పెరిగింది. ఊరి మలుపులో గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కినాడు. బండి కీచుమని నిలిచింది. నరసింహులు మాత్రం నిలవలేదు — ముందుకు ఎగిరి, నుదురు స్టీరింగుకు గుద్దుకున్నాడు.

మంద తోలుకుపోతున్న వెంకటప్ప పరుగున వచ్చి అద్దంలోనుంచి తొంగిచూసినాడు. లోపలంతా చీకటి.

"ఏమప్పా నరసింహులూ, నెత్తురొస్తాండాదే," అన్నాడు. ఇంకాస్త వంగి చూసి, "నీ పక్కనుండే ఆయప్పకేమీ కాలేదులే. బెల్టు పెట్టుకోని నిమ్మళంగా కూర్చోనుండాడు."

వెంకటప్పను అట్లే వదిలి నరసింహులు బండి తీసినాడు. పొలిమేర దాకా ఎట్లా తోలినాడో తెలియదు. అక్కడ నిలిపి పుష్పావతికి ఫోన్ చేసినాడు. ఇంటి తలుపు మూయమన్నాడు. తల్లీబిడ్డలను బయటికి రానీయొద్దన్నాడు. వేపాకు తీసుకుని ఒక్కదాన్నే రమ్మన్నాడు. దాన్ని ఇంటికి తేను, రాత్రంతా అయినా ఇక్కడే ఉంటానన్నాడు. ఆ ఒక్క మాటకు మాత్రం నేను ఆయన్ను మెచ్చుకుంటాను.

ఆమె వేపాకు తేలేదు. సెల్లు లైటు వేసుకుని వచ్చింది. మొగుడి నుదుటిమీద లేచిన బొప్పిని చూసింది. కొంగుతో నెత్తురు తుడిచింది. తర్వాత అటు తిరిగి పోయి పక్క తలుపు తెరిచింది.

"ఇప్పొద్దు..." ఆయన చేయి అడ్డం పెట్టినాడు. "ఇప్పితే లేస్తాది."

ఆమె బెల్టు విప్పింది. మూటను ఎత్తి వెనక సీట్లో పడేసింది.

"రాగులు," అంది.

ఆయన వెనక్కి తిరిగి, చేయి చాచి ఆ మూటను వేలితో పొడిచి చూసినాడు. తర్వాత పెద్దగా ఊపిరి వదిలి, కొంచెం నవ్వి, తాళం తిప్పినాడు.

టింగ్.

నవ్వు ఆగిపోయింది. పక్క సీటు ఖాళీ. ఇప్పుడు మూట కూడా లేదు.

టింగ్... టింగ్...

"పుష్పా," అన్నాడు సన్నగా, "అది దిగలేదే."

పుష్పావతి వంగి లోపలికి లైటు వేసింది. పక్క సీటు కింద ఒక క్లిప్పు పడి ఉంది, గుంతలో ఎగిరి పడింది. నరసింహులు కాళ్ల దగ్గర ఇంకొకటి, బ్రేకు తొక్కినప్పుడు వదులై, ఇక్కడ బండి నిలిపినాక ఊడి పడింది. రెండూ ఏరి, గురి చూడకుండా చీకట్లోకి విసిరింది.

ఇటు వచ్చి తలుపు తెరిచి, ఆయన ఎద మీదుగా బెల్టు లాగింది. నరసింహులు చేతులు తొడల మీద పెట్టుకుని, కండ్లు మూసుకుని, బిగుసుకుని కూర్చున్నాడు... నిజంగానే పూలు వేస్తే చాలన్నట్టు.

టక్.

ఎక్కడా చప్పుడు లేదు. పుష్పావతి తిరిగి పోయి ఆయన పక్కన ఎక్కి కూర్చుంది. తన బెల్టు తాను పెట్టుకుంది.

"ఈ బండిలో ఉండే దయ్యం ఒకటే," అంది. "దాన్ని కట్టేసినా. ఇంక బిడ్డ కాడికి పోదాం, పా."